మూడో బోరు

జూన్ నెలంటే మా ఊరి చుట్టూ చేలల్లో ష్పార్గెల్ కోతలు చివరికొచ్చే రోజులు. మా ఊరంటే వినుకొండ పక్కన మేం పుట్టి పెరిగిన మెట్టపల్లె కాదు, పద్దెనిమిదేళ్ళుగా నేనుంటున్న వాల్డార్ఫ్. హైడెల్‌బర్గ్ నుంచి రైల్లో పది పన్నెండు నిమిషాలు. సాప్ కంపెనీ ప్రధాన కార్యాలయం ఇక్కడ ఉండబట్టిగానీ లేకపోతే ఈ ఊరి పేరు మనవాళ్ళకి తెలిసే అవకాశమే లేదు. స్టేషన్ దగ్గర బస్సెక్కితే నలుగురిలో ఒకరు తెలుగులో ఫోను మాట్లాడుతుంటారు. ష్పార్గెల్ అనేది ఇసుక నేలలో మట్టికట్టల కింద ఎండ తగలకుండా పెంచే తెల్లటి కూర. జూన్ 24 రాగానే కోత ఆపేస్తారు. ఆ తర్వాత కూడా కోస్తూ పోతే మొక్క వచ్చే ఏడాదికి నిలదొక్కుకోదట.

ఆ చేల గట్లమీద ఒక ఆదివారం పొద్దున నడుస్తుంటే అక్క ఫోను.

"ఏరా, తిన్నావా?" అంది. ఇక్కడ టైమెంతయినా అక్క అలాగే మొదలుపెడుతుంది. తర్వాత కాసేపు ఊరుకుని, "దానికి ఈసారి కూడా రాలేదురా" అంది.

అది అంటే మా మేనకోడలు. ఇంటర్ అవగానే ఒకసారి నీట్ రాసింది. బెజవాడలో ఏడాదిపాటు లాంగ్‌టర్మ్ చేసి రెండోసారి రాసింది. పోయినేటి మీద బాగానే మెరుగుపడింది కానీ, కన్వీనర్ సీటుకి ఇంకో ఇరవై పాతిక మార్కులు తక్కువయ్యేట్టున్నాయట. మళ్ళీ లాంగ్‌టర్మ్‌కి పంపాలంటే హాస్టలుతో కలిపి లక్షా ఎనభై వేలు. శుక్రవారం లోపల కడితే పదివేలు తగ్గిస్తారట. బావకి ఈ ఏడాది మిర్చి కలిసిరాలేదు.

"డబ్బు సర్దుతావని నాకు తెలుసు. అది కాదు నేనడిగేది. పంపమంటావా వద్దా, ఆ ముక్క చెప్పు."

పద్దెనిమిది వందల యూరోలు. పోయిన వేసవిలో మేం ఇటలీ వెళ్ళొచ్చిన ఖర్చు అంతకన్నా ఎక్కువే. డబ్బు సంగతే అయితే ఒక్క నిమిషంలో తేలిపోయేది. రేపు చెప్తానన్నాను. మర్నాడూ చెప్పలేకపోయాను. ఎందుకు చెప్పలేకపోయానో నాకు నేను తేల్చుకుందామనే ఇది రాస్తున్నాను.

మా నాన్నకి ఎనిమిదెకరాల మెట్ట. నా చిన్నప్పుడు మా పొలాల్లో నూటయాభై అడుగుల్లో నీళ్ళు పడేవి. ఒకాయన రెండొందల యాభైకి వేశాడు. చుట్టుపక్కల బోర్లన్నీ ఎండిపోయాయి. వాళ్ళు నాలుగొందలకి వెళ్ళారు. ఆయన బోరు ఎండిపోయింది. నేను ఇంజనీరింగు పూర్తి చేసేనాటికి ఆరొందల అడుగులు వేస్తేగానీ తడి తగిలేది కాదు. భూమిలో ఉన్న నీళ్ళు మాత్రం పెరగలేదు. మొదట్లో నూటయాభై అడుగుల ఖర్చుతో ఎన్నెకరాలు తడిశాయో, ఆరొందల అడుగుల ఖర్చుతోనూ సుమారు అన్నే తడిశాయి. మధ్యలో బాగుపడింది బోరు లారీలవాళ్ళు. నాన్న మూడు బోర్లు వేశాడు. మొదటిది ఎండింది, రెండోది పడలేదు. మూడోది వేసింది కేవలం రెండోది పడనందుకు. "ఇంత పెట్టాక ఇప్పుడాపితే పెట్టిందంతా పోయినట్టే కదా" అని ఆయన లెక్క. మేనేజిమెంటు పాఠాల్లో దీనికో పేరుంది. మా కన్సల్టెంట్లు క్లయింట్లకి తెగ బోధిస్తుంటారు, సొంత ప్రాజెక్టుల దగ్గరికొచ్చేసరికి మర్చిపోతారు.

ఆ బోర్ల సమయంలోనే అక్క ఎంసెట్. 1994లో మొదటిసారి రాసింది. మా ఊరి హైస్కూల్లో ఫస్టు, నరసరావుపేటలో ఇంటరు. రాలేదు. గుంటూరు బ్రాడీపేటలో ఒక హాస్టల్లో పెట్టి కోచింగ్‌లో చేర్చారు. 1995లో రాసింది. కొద్దిలో తప్పింది. మళ్ళీ చేర్చారు. ఎకరంన్నర అమ్మి రెండేళ్ళ కోచింగూ, ఒక బోరూ చూసుకున్నాడు నాన్న. 1996లో మళ్ళీ కొద్దిలో తప్పింది. అదే ఏడు నేను ఇంజనీరింగ్ ఎంసెట్ రాశాను, నాకు సీటొచ్చింది. అక్క బీయస్సీలో చేరి, తర్వాత ఎమ్మెస్సీ చేసింది. ఇప్పుడు ఒక జూనియర్ కాలేజీలో జువాలజీ చెప్తుంది. అంటే పాతికేళ్ళుగా ఇతరుల పిల్లల్ని ఆ పరీక్షకి తయారుచేస్తోంది.

పరీక్షలు రెండు రకాలు. డ్రైవింగ్ లైసెన్సు పరీక్షలో నేను బాగా చేస్తే పక్కవాడికి నష్టం లేదు, ఇద్దరం పాసవుతాం. ర్యాంకు పరీక్ష అలా కాదు. అక్కడ నా మార్కులకి సొంతంగా విలువ లేదు, పక్కవాడి మార్కుల పక్కన పెడితేనే విలువ. 2024లో నీట్ రాసినవాళ్ళు 23 లక్షల పైచిలుకు. దేశంలో ఎంబీబీయస్ సీట్లు లక్షకి కాస్త పైన, ప్రభుత్వ కాలేజీల్లో అందులో సుమారు సగం. ఈ 23 లక్షలమందీ ఇంకో ఏడాది కోచింగ్‌కి వెళ్ళినా ఒక్క సీటు పెరగదు, గీత ఇంకో పాతిక మార్కులు పైకి జరుగుతుంది, అంతే. ఆ గీత కోసం అందరూ ఇంకో వంద అడుగులు దింపాలి. తమిళనాడు ప్రభుత్వం వేసిన జస్టిస్ ఎ.కె. రాజన్ కమిటీ 2021లో ఇచ్చిన నివేదికలో ఒక లెక్క ఉంది. ఆ రాష్ట్రంలో ఎంబీబీయస్‌లో చేరినవాళ్ళలో, అంతకుముందు ఏడాదో రెండేళ్ళో ఆగి మళ్ళీ రాసినవాళ్ళు 2016-17లో 12 శాతం. 2020-21 నాటికి 71 శాతం. ఒకప్పుడు లాంగ్‌టర్మ్ అంటే తప్పినవాడికి ఇంకో అవకాశం. ఇప్పుడు మొదటిసారే వచ్చినవాడు వింత.

మరి జనం తెలివితక్కువవాళ్ళా? కాదు. కన్వీనర్ సీటుకీ, ప్రైవేటు కాలేజీలో బి కేటగిరీ సీటుకీ మధ్య తేడా ఏడాదికి పది లక్షల పైమాట. నాలుగున్నరేళ్ళకి లెక్కేసుకోండి. ఆ పాతిక మార్కుల ఖరీదు అరకోటి. అరకోటి దక్కే అవకాశానికి రెండు లక్షలు పెట్టడం ఏ రైతు లెక్కలోనైనా సబబే. ఒక్కొక్కడి లెక్కా సరైనదే, అందరివీ కలిపితేనే అన్యాయం. బోర్ల విషయంలో ప్రభుత్వం ఈ సంగతి గ్రహించి 2002లో వాల్టా చట్టం తెచ్చింది, అనుమతి లేకుండా వేయకూడదంది. అమలు ఎలా ఉందో మీకు తెలుసు. కోచింగ్ విషయంలో 2024 జనవరిలో కేంద్రం కొన్ని మార్గదర్శకాలిచ్చింది, పదహారేళ్ళ లోపు పిల్లల్ని చేర్చుకోవద్దని. పంతొమ్మిదేళ్ళ పిల్ల సంగతి అందులో లేదు. కోచింగ్ ఫీజు మీద 18 శాతం జీఎస్టీ మాత్రం ఉంది.

ఇక్కడ పరిస్థితి ఎలా ఉందంటారేమో. మా అమ్మాయి పదిహేడేళ్ళది, ఇక్కడి గిమ్నాజియంలో చదువుతోంది, వచ్చే ఏడాది ఆబిటూర్ రాస్తుంది. దానికీ మెడిసినే కావాలట. (అక్క నన్ను అడగడానికి ఇది కూడా ఒక కారణమేమో.) దాని పుణ్యమా అని ఇక్కడి పద్ధతి తెలుసుకున్నాను. ఒక విచిత్రం కనిపించింది. మన ఎంసెట్ మొదలైంది 1986లో. బెజవాడలో హెల్త్ యూనివర్సిటీ వచ్చింది 1986లో. శ్రీచైతన్య వారి మొదటి కాలేజీ బెజవాడలో పెట్టిందీ 1986లోనే. జర్మనీలో మెడిసిన్‌కి దేశవ్యాప్తంగా ప్రవేశ పరీక్ష, టీఎంఎస్ అంటారు, అమల్లోకి వచ్చిందీ 1986లోనే. వీళ్ళు దాన్ని పదేళ్ళు నడిపి 1996 తర్వాత ఎత్తేశారు. అంటే అక్క మూడోసారి పరీక్ష రాసిన ఏడాదే! మళ్ళీ 2007లో మా రాష్ట్రంలోని యూనివర్సిటీలు మొదలుపెట్టాయి, ఇప్పుడు దేశమంతా చాలాచోట్ల చూస్తున్నారు. ఫీజు సుమారు వంద యూరోలు. బయాలజీ పాఠాలు బట్టీ పట్టనక్కర్లేదు. ఒక గాజు పెట్టెలో మెలికలు తిరిగిన గొట్టం బొమ్మ చూపించి, పక్కనుంచి చూస్తే ఎలా కనిపిస్తుందో చెప్పమంటారు. పట్టికలిచ్చి అర్థం చెప్పమంటారు. చాలాకాలం జీవితంలో ఒక్కసారే రాయనిచ్చేవారు, ఈమధ్యే కొన్ని షరతులతో ఇంకోసారికి ఒప్పుకున్నారు. తప్పిపోయినవాడు ఏటేటా దీనికే తయారవుతూ కూర్చునే వీలు లేదు.

అలాగని ఇదేం స్వర్గం కాదు. ఇక్కడ అసలు గీత ఆబిటూర్ మార్కులు. 1.0, 1.1 తెచ్చుకున్నవాళ్ళకే తలుపు సులువుగా తెరుచుకుంటుంది. టెస్టుకి శిక్షణ పుస్తకాలూ, వారాంతపు సెమినార్లూ అమ్మే వ్యాపారం ఇక్కడా ఉంది, వందల యూరోలు తీసుకుంటారు. డబ్బున్నవాళ్ళ పిల్లలు సీటు రాకపోతే హంగరీ పోతారు. బుడాపెస్టులోని సెమ్మెల్‌వైస్ యూనివర్సిటీ 1983 నుంచి జర్మన్ భాషలోనే మెడిసిన్ చెప్తోంది, ఏడాదికి పదివేల యూరోలు దాటిన ఫీజుతో. మన పిల్లలు యుక్రెయిన్ పోయి, 2022లో యుద్ధం వచ్చి సూట్‌కేసులతో వెనక్కొచ్చారే, దానికి తోబుట్టువే ఇదీ. అన్నిటికన్నా దారుణం ఇక్కడి నిరీక్షణ. 2020 దాకా సీట్లలో ఐదో వంతు, వేచి ఉన్న కాలాన్ని బట్టి ఇచ్చేవారు. చివరి రోజుల్లో ఆ వరస పద్నాలుగు, పదిహేను సెమిస్టర్లకి చేరింది. ఏడేళ్ళు! దీని మీద కేసు కార్ల్స్‌రూహ్‌లోని రాజ్యాంగ న్యాయస్థానం దాకా వెళ్ళింది. మా ఊరికి అరగంట దూరం అది. 2017 డిసెంబర్ 19న తీర్పు చెప్పారు. ఎంపిక పద్ధతిలో కొన్ని భాగాలు రాజ్యాంగానికి విరుద్ధమన్నారు, వేచి ఉండే కాలానికి హద్దు ఉండి తీరాలన్నారు. ఆ తర్వాత ఆ కోటాయే తీసేశారు.

ఈ తీర్పు నన్ను పట్టుకుంది. సీటు ఎవరికివ్వాలన్నదాంతో ఆగకుండా, సీటు కోసం ఒక మనిషి ఎన్నేళ్ళు పెట్టవచ్చో ఒక కోర్టు లెక్కపెట్టింది. మన దగ్గర ఆ లెక్క ఏ కాగితం మీదా కనపడదు. నీట్ దరఖాస్తు ఫీజు 1700 రూపాయలు. కోచింగ్ ఫీజుకి రసీదు ఇస్తారు. హాస్టలుకి ఇస్తారు. పద్దెనిమిది నుంచి ఇరవై దాకా, పొద్దున ఐదుకి లేచి రాత్రి పదకొండుకి పడుకుంటూ, ఆదివారం గ్రాండ్ టెస్టు రాస్తూ, పండక్కి రెండురోజులు ఇంటికొచ్చి చుట్టాలకి మొహం చూపించలేక గదిలో కూర్చున్న ఏడాదికి రసీదు లేదు. 2022లో నీట్‌కి వయోపరిమితి కూడా తీసేశారు, మంచికే తీశారనుకోండి. ఎన్నిసార్లయినా రాసుకోవచ్చు. అంటే ఎక్కడ ఆపాలో చెప్పేవాళ్ళు లేరు. ఇంట్లోవాళ్ళే చెప్పాలి. ఇంట్లోవాళ్ళెవరు? డబ్బు కట్టేవాళ్ళు.

ఇంతవరకు ఆలోచించి నేను బాగా తెలివైనవాడిలా అనుకుని, అక్కకి వద్దని చెప్పేద్దామని నిర్ణయించుకున్నాను. ఆ రాత్రి భోజనాల దగ్గర మా అమ్మాయి మాటల్లో, "నాకు సీటు రాకపోతే ఒక ఏడాది హాస్పిటల్లో ఎఫ్.ఎస్.జె. చేస్తాను" అంది. ఇక్కడ పిల్లలు స్కూలయ్యాక ఒక సంవత్సరం స్వచ్ఛందంగా ఆస్పత్రిలోనో వృద్ధాశ్రమంలోనో పనిచేయవచ్చు. కాస్త చేతిఖర్చు ఇస్తారు, కొన్ని యూనివర్సిటీలు దానికి పాయింట్లూ కలుపుతాయి. ముసలివాళ్ళకి స్నానాలు చేయించడం, మంచాలు తోయడం, ఇలాంటి పనులు.

"ఏడాది దండగ కదమ్మా" అన్నాను. నోట్లోంచి వచ్చేసింది.

"ఎవరికి నాన్నా?" అంది. వెటకారంగా కాదు, అర్థంకాక.

జవాబు లేదు నా దగ్గర. పొద్దుననగా కార్ల్స్‌రూహ్ తీర్పు చదువుకుని, సాయంత్రానికి మా నాన్ననై కూర్చున్నాను. దాని ఏడాది నాకు దండగ, అదీ నా ఉద్దేశం. ఎవరైనా అడిగితే "మా అమ్మాయి ఏం చేస్తోందంటే..." అని నసగాల్సి వస్తుందని. నిజానికి ఆ ఏడాదిలో, తనకి రోగుల దగ్గర ఉండటం ఇష్టమో కాదో అది తెలుసుకుంటుంది. బెజవాడ హాస్టల్లో ఉన్న మా మేనకోడలు డాక్టరు కావాలని రెండేళ్ళుగా చదువుతోంది, ఆ రెండేళ్ళలో ఒక్క రోగినీ చూడలేదు.

మర్నాడు అక్కకి ఫోన్ చేశాను. నేను చెప్పాల్సింది చెప్పాను. బోర్ల కథ చెప్పాను, తమిళనాడు లెక్క చెప్పాను. చివర్లో, "నీ రెండేళ్ళూ అలాగే దండగయ్యాయి కదక్కా, దాన్నీ అదే చేయొద్దు" అన్నాను.

అవతల్నుంచి చాలాసేపు మాట లేదు. కుక్కరు విజిల్ వినపడింది.

"ఒరే, నువ్వీ మాట పాతికేళ్ళ నుంచి అంటున్నావు. మీ పెళ్ళప్పుడు మీ ఆవిడ వాళ్ళకీ చెప్పావు, మా అక్క రెండేళ్ళు దండగ చేసుకుందని. నా బతుకులో రెండేళ్ళు దండగ ఖాతాలో రాయడానికి నువ్వెవరివిరా?"

నేను నోరు మెదపలేదు.

"బ్రాడీపేట హాస్టల్లోనే నాకు చదవడం అంటే ఏంటో తెలిసింది. ఇవాళ నేను చెప్పే జువాలజీ అక్కడ నేర్చుకుందే. ఆ గదిలో నలుగురం ఉండేవాళ్ళం, నలుగురం ఇప్పటికీ మాట్లాడుకుంటాం. సీటు రాలేదని ఏడ్చాను, నిజమే. ఇప్పుడు ఏడవట్లేదు. నాకున్న బాధ అది కాదు. రెండోసారి నాన్న నన్ను అడగలేదు, పంపించాడు. మూడోసారి, అంటే నీకు ఇంజనీరింగ్ వచ్చినప్పుడు, అప్పుడూ నన్ను అడగలేదు, మానిపించాడు. మొదటిసారి ఇంటికొచ్చేస్తానని నేను ఉత్తరం రాశాను. రెండోసారి ఇంకొక్కసారి రాస్తానని అన్నం తినకుండా కూర్చున్నాను. రెండూ ఎవరూ పట్టించుకోలేదు. డబ్బు ఆయనది, ఆయన లెక్క ఆయనది."

ఆ ఉత్తరం సంగతి నాకు తెలియదు. అన్నం తినకపోవడం గుర్తుంది, సీటు రాని దిగులనుకున్నాను. ఆమెని మానిపించి మిగిల్చిన డబ్బుతోనే నేను ఇంజనీరింగ్‌లో చేరాననే సంగతి మాత్రం ఎప్పుడూ తెలుసు. తెలిసి, దాన్ని "అక్క రెండేళ్ళు దండగ" అనే మాటకింద దాచుకున్నాను. ఆవిడ నష్టపోయిందని జాలిపడితే, నేను లాభపడ్డానని ఒప్పుకోనక్కర్లేదు కదా.

డబ్బిచ్చేవాడికి ఒక చిక్కుంది. నేను లక్షా ఎనభై వేలు పంపిస్తే మా మేనకోడలి వచ్చే ఏడాదిలో నాకు వాటా వస్తుంది. ఆదివారం ఆదివారం ఫోన్ చేసి గ్రాండ్ టెస్టులో ఎంతొచ్చిందని అడుగుతాను. అడగకుండా ఉండగలనని నాకు నమ్మకం లేదు. ఆ పిల్ల అక్టోబరులో ఇంటికొచ్చేస్తానంటే "మామయ్య అంత డబ్బు కట్టాడు" అని అందరూ అంటారు, నేననకపోయినా. పంపకపోతే నేను వాటా లేకుండా బయటపడతానా? అదీ లేదు. అక్కని మానిపించినట్టే దీన్నీ మానిపించినవాణ్ణవుతాను, బోర్ల గురించి మంచి ఉపన్యాసం చెప్పి మరీ. అందరూ కలిసి ఆపితే బాగుండే పరుగుని, ఒక్క మా పిల్లని ఆపి నేను ఆపినట్టు కాదు. మిగతా 23 లక్షలమందీ పరిగెడుతూనే ఉంటారు. నా సిద్ధాంతానికి ఖర్చు ఆ పిల్ల కట్టాలి.

"దాన్నడిగావా అక్కా?" అన్నాను.

"ఏమడగను? నేనడిగితే నాకేది ఇష్టమో చూసి అదే చెప్తుంది. నువ్వడుగు."

బుధవారం అడిగాను. నేనూ మామయ్యనే కాబట్టి తిన్నగా అడగడం రాక, ఆ పరీక్ష గురించీ వర్షాల గురించీ మాట్లాడి, చివరికి అడిగాను. "నీకేం చేయాలనుందమ్మా? డబ్బు సంగతి వదిలేయ్. మళ్ళీ రాయాలనుంటే డబ్బుంది. నర్సింగో, ఫార్మసీయో, అసలు వేరే ఏదైనానో చదవాలనుంటే దానికీ అదే డబ్బుంది. ఊరికే ఆర్నెల్లు ఇంట్లో ఉండాలనుంటే దానికీ ఉంది."

"తెలీదు మామయ్యా" అంది.

"ఎప్పటికి తెలుస్తుంది?"

నవ్వింది. ఫలితాలొచ్చాక ఆ పిల్ల నవ్వడం అదే మొదటిసారని అక్క తర్వాత చెప్పింది. "ఇలా ఎవరైనా అడుగుతారనుకోలేదు. ఎల్లుండి కట్టేయాలన్నారుగా, అందుకని ఆలోచించడం మానేశాను. పది రోజులివ్వండి."

శుక్రవారం దాటితే పదివేల తగ్గింపు పోతుందని అక్క గుర్తుచేసింది. ఆ పదివేలు నేనిస్తానని, పిల్లని మాత్రం ఈ పది రోజులూ ఎవరూ ఏమీ అడగొద్దని చెప్పాను. బావకి ఇది బొత్తిగా నచ్చలేదు. ఆలోచించడానికి ఎవరైనా రోజుకి వెయ్యి కడతారా అన్నాడట.

ఇవాళ్టికి ఆరో రోజు. నేను ఫోన్ చేయలేదు. ష్పార్గెల్ కోతలు ఆపేశారు, చేలల్లో మనుషుల్లేరు.